రసవాద చిత్రాల పుస్తకాల గురించి మా పాఠకులకు

కళ, మామూలు లోహాన్ని బంగారం చేయాలన్న పాత విద్య అయిన రసవాదం కలిసే చోట పుట్టిన పుస్తకాలను తెప్పిస్తామని మా దుకాణం వేసవిలో ప్రకటించినప్పుడు మీలో చాలామంది ముందుగానే డబ్బు కట్టారు. వాటిలో ముఖ్యమైన రెండు పుస్తకాలు, ‘స్ప్లెండర్ సోలిస్’, ‘అటలాంటా ఫ్యూజియెన్స్’, మీకు అందవు. పార్సిళ్ళు వచ్చాయి, కానీ వాటిలో ఉన్నవి మేము కోరిన పుస్తకాలు కావు. వచ్చినవాటిని ఏ ధరకూ అమ్మకూడదని నిర్ణయించుకున్నాను. ఫోనులో ఒక్కొక్కరికి ఒక్కో ముక్క చెప్పడం కంటే జరిగినదంతా అందరికీ ఒకేసారి చెప్పడం మర్యాద అనిపించి ఈ ఉత్తరం రాస్తున్నాను.

మేము కోరినవి మంచి కాగితం మీద, మూలప్రతి కొలతకు దగ్గరగా, రంగుల ప్లేట్లతో అచ్చయిన ప్రతులు. సరఫరాదారు తన కేటలాగులో రంగుల పుటలే చూపించాడు, రంగుల ముద్రణే పంపుతానని రాతపూర్వకంగా ఒప్పుకున్నాడు, మొత్తం డబ్బు ముందుగా తీసుకున్నాడు. విదేశీ కళాపుస్తకాల వ్యాపారంలో మా వంటి చిన్న దుకాణానికి అప్పు మీద సరుకు ఇచ్చేవారు ఉండరు కాబట్టి ముందు చెల్లించడం తప్ప మార్గం లేదు. వచ్చినవి మాత్రం ఎక్కడో దొరికిన స్కానులను దించుకుని, ఆర్డరు వచ్చినప్పుడల్లా నాలుగు ప్రతులు యంత్రంలో వేసి, జిగురుతో అట్ట అంటించిన రకం. అట్ట మీద మాత్రం రంగులు ఉన్నాయి. లోపల అంతా బూడిద.

రంగు లేకపోతే ఏమైందని అడిగేవారికి ఒక్క పుట గురించి చెబుతాను. ‘స్ప్లెండర్ సోలిస్’ పదహారవ శతాబ్దపు జర్మన్ గ్రంథం. దాని ప్రతులలో పేరు పొందినది లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఉన్న 1582 నాటి చర్మపత్ర ప్రతి. అందులో 22 వర్ణచిత్రాలు ఉన్నాయి. వరుసగా ఏడు చిత్రాలలో గూటిలో నిలబెట్టిన ఒక గాజుసీసా కనిపిస్తుంది, ఒక్కో సీసాలో ఒక్కో దృశ్యం ఉంటుంది. శుక్రగ్రహానికి చెందిన చిత్రంలో సీసా నిండా పురివిప్పిన నెమలి. దాని చుట్టూ ఆ గ్రహ ప్రభావంలో పుట్టినవారి పాటలు, విందులు, సరసాలు. రసవాదులకు నెమలి అలంకారం కాదు. మూసలోని పదార్థం నలుపు నుంచి తెలుపుకు, తెలుపు నుంచి ఎరుపుకు మారే దారిలో కాసేపు అన్ని రంగులూ ఒక్కసారిగా తోచి మాయమయ్యే దశ ఒకటి ఉంటుందని వారి నమ్మకం. ఆ దశకు వారు పెట్టుకున్న పేరే నెమలి తోక. తరువాతి సీసాలో తెల్లని రాణి, ఆ పైది ఎర్రని రాజు. అంటే ఆ పుస్తకంలో కథను నడిపేది రంగే. నా చేతికి వచ్చిన ప్రతిలో ఆ నెమలి మసిగుడ్డ నలిపి గాజులో కుక్కినట్టు ఉంది, రాణికీ రాజుకూ తేడా తెలియదు, అంచులలోని పాటగాళ్ళు సగానికి తెగిపోయారు. చిత్రకళ నేర్చుకుంటున్న పిల్లలు నెలల తరబడి జేబు ఖర్చు మిగిల్చి కొనుక్కునే పుస్తకం ఇది. దీన్ని వారి చేతిలో పెట్టడం నావల్ల కాదు.

‘అటలాంటా ఫ్యూజియెన్స్’ విషయం ఇంకా బాధ కలిగించింది, ఎందుకంటే దానికి అసలు రంగే అవసరం లేదు. పవిత్ర రోమన్ చక్రవర్తి రెండవ రుడాల్ఫ్‌కు వైద్యుడిగా పనిచేసిన మైకేల్ మైయర్ 1617లో జర్మనీలోని ఓపెన్‌హైమ్‌లో ప్రచురించిన ఈ గ్రంథంలో 50 రాగిరేకు చిత్రాలున్నాయి. వాటిని చెక్కినవాడు మతేయస్ మెరియన్ అని కళాచరిత్రకారులు భావిస్తారు. ప్రతి చిత్రానికీ ఒక పద్యం, మూడు గొంతులతో పాడే ఒక స్వరరచన జతగా ఉంటాయి. గ్రీకు కథలో పరుగెత్తే అటలాంటా ఒక గొంతు, తరిమే హిప్పోమెనీస్ రెండవది, దారిలో పడే బంగారు ఆపిల్ పండు మూడవది. చూడటం, చదవడం, పాడటం మూడూ ఒకే పుస్తకంలో కలిసినవి లోకంలో అరుదు. ఇరవై ఒకటవ చిత్రంలో ఒక పండితుడు పాడుబడిన గోడ మీద పెద్ద వృత్తలేఖినితో స్త్రీ పురుషుల చుట్టూ వృత్తం, చతురస్రం, త్రిభుజం, మళ్ళీ వృత్తం గీస్తాడు. ఆ గోడకు పెచ్చులూడిన చోట ఇటుకలు కూడా లెక్కపెట్టేంత స్పష్టంగా మెరియన్ చెక్కాడు. మాకు వచ్చిన ప్రతిలో ఇటుకలు లేవు, వృత్తం పై భాగం లేదు, స్వరాల పుటలను చిన్న కొలతకు కుదించడం వల్ల స్వరాలు రాసే అయిదు గీతలు ఒక్క మందపాటి గీత అయ్యాయి. నలుపు సిరా ఒక్కటే చాలిన పుస్తకాన్ని కూడా ఇంత పాడు చేయవచ్చని నాకు అప్పటివరకు తెలియదు.

సరఫరాదారుకు ఫోటోలు పంపాను, ఫోను చేశాను, చివరకు రిజిస్టరు పోస్టులో ఉత్తరం రాశాను. మొదట రంగుల సంచిక అయిపోయిందన్నాడు. తరువాత, మీ ఊళ్ళో ఈ పుస్తకాలు తెరిచి చూసేవారెవరండీ, అలమరలో అందంగా ఉంటే చాలు కదా అన్నాడు. డబ్బు నష్టం కంటే ఆ మాటే నన్ను ఎక్కువ గాయపరిచింది. మా దుకాణంలో నేల మీద కూర్చుని భూతద్దంతో చిత్రాలు చూసేవారు ఉన్నారు. ఒక ప్లేటులోని ఆకుపచ్చ రాగి నుంచి తీసిన చిలుమా కాదా అని సాయంత్రమంతా వాదించుకునే రిటైరైన కెమిస్ట్రీ లెక్చరర్లు ఉన్నారు. వారి గురించి ఆ మాట అన్న మనిషితో ఇక మీదట ఒక్క పుస్తకానికి కూడా వ్యాపారం చేయను. చవకగా ఇస్తానన్నా చేయను. నాది మొండితనమని ఇంట్లోవారూ అంటున్నారు, అననివ్వండి.

నన్ను నిజంగా నిద్ర లేకుండా చేసింది మరొకటి. సంగతి తెలిసిన పాత పాఠకులు కొందరు వచ్చి, సగం ధరకు ఇచ్చేయండి, మాకు అభ్యంతరం లేదు, మీకు నష్టం తగ్గుతుంది అన్నారు. వారి మనసు మంచిది, వారి లెక్క కూడా సరైనదే. అద్దె కట్టవలసిన తేదీ దగ్గరపడింది, స్కూళ్ళు తెరిచే ముందు మా వంటి దుకాణానికి అమ్మకాలు ఉండవు. పుస్తకం మీద ‘నాసిరకం ముద్రణ’ అని ముద్ర వేసి అమ్మితే ఎవరినీ మోసం చేసినట్టు కాదన్న వాదన కూడా కాదనలేనిది. కానీ ఈ పుస్తకాన్ని మొదటిసారి చూసేవాడు దాన్ని ఇలాగే చూస్తే, రసవాద చిత్రం అంటే ఇంతేనని అనుకుని అట్ట మూసేస్తాడు, మళ్ళీ ఎప్పటికీ తెరవడు. ఒక పాఠకుడికి ఒక గ్రంథంతో మొదటి పరిచయం ఒక్కసారే జరుగుతుంది. దాన్ని సగం ధరకు చెడగొట్టే హక్కు నాకు లేదు.

ఈ నిర్ణయాన్ని స్థిరపరిచింది మరో పుస్తకం. ఇటలీ చిత్రకారుడు చెన్నీనో చెన్నీని 1400 ప్రాంతంలో రాసిన చేతిపని గ్రంథం అది. డేనియల్ థాంప్సన్ ఇంగ్లీషు అనువాదం 1933లో వచ్చింది, ఇప్పటికీ అందుబాటు ధరలో దొరుకుతుంది. ఇంగిలీకం అనే ఎరుపు గురించి రాస్తూ చెన్నీని, ఇది రసవాదం ద్వారా బట్టీయంత్రంలో తయారవుతుందని, ఆ విధానమంతా చెప్పాలంటే చాలా పొడవవుతుందని, కావాలంటే సన్యాసులను అడగమని అంటాడు. ఆ వెంటనే ఇచ్చే సలహా వ్యాపారులందరూ చదవవలసినది: ఎప్పుడూ పొడి చేసినది కొనవద్దు, ముద్దగా ఉన్నదే కొను, ఎందుకంటే పొడిలో సీసపు సిందూరమో ఇటుక పొడో కలిపి అమ్ముతారు. కొన్న ముద్దను రోజూ నూరుతూ ఇరవై ఏళ్ళు నూరినా రంగు ఇంకా మెరుగవుతూనే ఉంటుందట. ఆరు వందల ఏళ్ళ క్రితం ఒక చిత్రకారుడు తన శిష్యుడిని ఇటుక పొడి నుంచి కాపాడాలని ఇంత తాపత్రయపడ్డాడు. అది చదివి, పార్సిళ్ళు తిరిగి కట్టేశాను.

చెన్నీని వదిలేసిన ఆ విధానం మన ప్రాంతపు ఆయుర్వేద వైద్యులకు కొత్తదేమీ కాదు. పాదరసాన్ని గంధకంతో కల్వంలో నూరితే మెరుపు పోయి నల్లని కజ్జలి అవుతుంది. దాన్ని మట్టిగుడ్డ చుట్టిన గాజుకుప్పెలో పోసి, ఇసుక నింపిన వాలుకా యంత్రంలో కాస్తే ఆవిరై కుప్పె మెడ దగ్గర ఎర్రగా పేరుకుంటుంది. అదే రససిందూరం. ఐరోపా చిత్రకారుడు పలక మీద పూసినదీ, మన వైద్యుడు మందుగా వాడినదీ రసాయనికంగా ఒకే పదార్థం. నలుపు ఎరుపుగా మారే ఆ దృశ్యాన్ని కళ్ళారా చూసినవాడికి ‘స్ప్లెండర్ సోలిస్’ చిత్రకారుడు పిచ్చివాడిగా కనిపించడు. వేమన పరుసవేది కథలు వింటూ పెరిగినవారికి, రసగ్రంథాలలో శ్రీశైలం పేరు మళ్ళీ మళ్ళీ వస్తుందని తెలిసినవారికి, దుకాణంలో ఈ పుస్తకాల అర పరాయిది అనిపించకూడదన్నదే మొదటి నుంచీ నా ఆశ.

అందువల్ల అర ఖాళీగా ఉండదు. రంగుల ముద్రణ మీద ఆధారపడని, కానీ చదివినకొద్దీ ఇచ్చే పుస్తకాలతో దాన్ని నింపుతున్నాను. చెన్నీని అందులో మొదటిది. రాజావర్తపు రాయిని పొడి చేసి, పైన్ జిగురు, చెట్టుబంక, మైనం కలిపిన ముద్దలో పిసికి, కనీసం మూడు రోజులు నానబెట్టి, క్షారజలంలో రెండు కర్రలతో నొక్కుతూ నీలాన్ని బయటకు రాబట్టే అధ్యాయం ఒక్కటి చాలు, ఆ కాలపు చిత్రాలలో మేరీమాత నీలి పైట ఎందుకంత ఖరీదో అర్థం కావడానికి. పన్నెండవ శతాబ్దం తొలినాళ్ళ సన్యాసి థియోఫిలస్ రాసిన చేతిపనుల గ్రంథం రెండవది. గాజు కొలిమి కట్టడం, ఇంగిలీకం చేయడం ఎంతో వివేకంగా చెప్పిన ఆ మనిషే, మరోచోట ఒక మాయసర్పం బూడిద, మనిషి నెత్తురు, పుల్లని ద్రాక్ష వెనిగర్ కలిపి రాగిని బంగారం చేసే పద్ధతి కూడా అంతే నిబ్బరంగా రాశాడు. మూడవది 1677లో ఫ్రాన్స్‌లోని లా రోషెల్‌లో వెలువడిన ‘మ్యూటస్ లిబర్’. 15 పలకలు, దాదాపు మాటలే లేవు. దంపతులు వసంతకాలపు పొలంలో కర్రలకు గుడ్డలు కట్టి మంచు పట్టి, ఆ గుడ్డలు పిండుతున్న పలక నాకు అన్నిటికంటే ఇష్టం. గీతచిత్రాలు కాబట్టి నలుపు తెలుపులో ఏమీ పోదు. ఈసారి నమూనా ప్రతిని చేతిలో పట్టుకుని చూసిన తరువాతే ఆర్డరు పెట్టాను.

కళాచరిత్రకారుడు జేమ్స్ ఎల్కిన్స్ 1999లో రాసిన ‘వాట్ పెయింటింగ్ ఈజ్’ కూడా వస్తుంది. రంగు ముద్దను వేళ్ళతో తెలుసుకునే చిత్రకారుడికీ, సూత్రాలు తెలియకుండానే పదార్థంతో కుస్తీ పట్టిన రసవాదికీ ఉన్న బంధుత్వాన్ని అంత శ్రద్ధగా పట్టుకున్న మరో పుస్తకం నాకు కనపడలేదు. మన వైపు నుంచి రసాయన శాస్త్రవేత్త ప్రఫుల్ల చంద్ర రాయ్ హిందూ రసాయన చరిత్ర రెండు సంపుటాలు, 1902, 1909 నాటివి, పునర్ముద్రణలో దొరుకుతున్నాయి. ఇవి కాస్త బరువైన చదువు, వైద్యులకూ లెక్చరర్లకూ నచ్చుతాయి.

డబ్బు సంగతి. మీరు ఏ దారిన కట్టారో ఆ దారినే ఈ నెలాఖరులోగా మొత్తం తిరిగి వస్తుంది, సరఫరాదారు నాకు ఇచ్చినా ఇవ్వకపోయినా. కొత్త పుస్తకాలకు సర్దుకోమని మీరు అడిగితే సర్దుతాను, నేను మాత్రం అడగను. ‘స్ప్లెండర్ సోలిస్’ మంచి రంగుల ముద్రణ కోసం మరో దారిలో ప్రయత్నిస్తున్నాను. దొరికితే ముందు ఒక్క ప్రతే తెప్పించి దుకాణంలో బల్ల మీద ఉంచుతాను, మీరు నెమలి పుట తెరిచి చూసి, బాగుందంటేనే మిగతావాటికి ఆర్డరు పెడతాను. అప్పటివరకు దానికి అడ్వాన్సు తీసుకోను, దయచేసి పంపవద్దు.