సరిహద్దు పిల్లలకు ఒక బొమ్మల కార్యక్రమం కావాలి

సంపాదకుడు గారికి నమస్కారం.

ఒడిశాలోని మా గజపతి జిల్లాలో చాలాకాలం ఒకటో తరగతి పిల్లలకు చదువు చెప్పాను. ఇక్కడ ఎంతోమందికి ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. చేరిన కొత్తలో కొందరు నెలల తరబడి నోరు విప్పరు. ఒకసారి పాత మేజోడుకి రెండు గుండీలు కుట్టి చేతికి తొడుక్కుని వెళ్లాను. అప్పటిదాకా పేరు అడిగినా చెప్పని పిల్లాడు ఆ బొమ్మ దగ్గరికి వచ్చి "మా మేక ఈనింది" అన్నాడు. బొమ్మ నా చెవిలో చెప్పినట్టు నటించి, ఆ మాటే ఒడియాలో పైకి అన్నాను. మర్నాడు వాడే ఒడియాలో మేక సంగతి చెప్పాడు.

టీవీ మొదలైన రోజుల్లో పిల్లలను పలకరించింది ఎక్కువగా బొమ్మలే. 1946లో బీబీసీలో మఫిన్ అనే కంచరగాడిద పియానో మీద గంతులేసింది. మరుసటి ఏడు అమెరికాలో హౌడీ డూడీ అనే బొమ్మ వచ్చింది. నాకు మాత్రం సూటీ అనే ఎలుగుబంటి అంటే ఇష్టం. హ్యారీ కార్బెట్ అనే బొమ్మలాట కళాకారుడు 1948లో ఇంగ్లండ్‌లోని బ్లాక్‌పూల్ సముద్రతీరంలో ఏడున్నర షిల్లింగులకు కొన్న చేతిబొమ్మ అది. నలుపు తెలుపు టీవీలో బాగా కనబడాలని చెవులకు, ముక్కుకు మసి పూశాడు. ఇంగ్లీషులో మసిని 'సూట్' అంటారు, పేరు ఆ మసి వల్లే వచ్చింది. సూటీ పైకి మాట్లాడదు. ఆయన చెవిలో చెబుతుంది, ఆయన పిల్లలకు చెబుతాడు. నా మేజోడు చేసిన పనీ ఇదే.

మనకు బొమ్మలాట కొత్త కాదు. మన తోలుబొమ్మ రంగురంగులుగా ఉండి కాళ్లూ చేతులూ ఆడిస్తుంది. ఒడిశా నీడబొమ్మలాట అయిన రావణఛాయలో బొమ్మ జింకతోలుతో చేసిన ఒకే ముక్క, దానికి రంగు ఉండదు. ఈ రెండూ ఒకే తెర మీద కబుర్లాడుకుంటుంటే చూడాలని నా కోరిక.

1975-76లోనే సైట్ (SITE) అనే ప్రయోగంలో ఆరు రాష్ట్రాల్లోని 2,400 పల్లెలకు ఉపగ్రహం ద్వారా టీవీ చూపించారు. బడి పిల్లలకు పొద్దున పూట వేసిన కార్యక్రమాలు తెలుగులోనూ ఒడియాలోనూ కూడా ఉండేవి. ఇప్పుడు దూరదర్శన్ విజయవాడ, భువనేశ్వర్ కేంద్రాలు కలిసి పావుగంట బొమ్మల కార్యక్రమం చేయాలి. ఒక బొమ్మ తెలుగు, ఒకటి ఒడియా, మూడోది సవర మాట్లాడాలి. సవర పిల్లలకు వాళ్ల భాషలోనే చదువు చెప్పాలని గిడుగు రామమూర్తి గారు పాటుపడిన ఊరు మాది. సవరను వదిలేస్తే మాకు మనసొప్పదు.

పెద్ద సెట్లు అక్కర్లేదు. ఒక బల్ల, ఒక తెర, ఆడించే కళాకారులకు సరైన కూలి చాలు. సాయంత్రం అయిదింటికి వేస్తే మంచిది. అప్పటికి పిల్లలు బడి నుంచి వచ్చేస్తారు, ఇంట్లో సీరియళ్లు ఇంకా మొదలు కావు.

ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా