చేపల మార్కెట్‌లో బ్లీచింగ్ చల్లితే సరిపోదు

సంపాదకుల వారికి,

వానలు పడి విరేచనాల కేసులు పెరగ్గానే మున్సిపల్ సిబ్బంది చేపల మార్కెట్లకు బ్లీచింగ్ బస్తాలు తెస్తారు. పొలుసులు, నెత్తురు, పేగులు అలాగే ఉన్న తడి గచ్చు మీద పొడి చల్లి, నేల తెల్లబడగానే వెళ్ళిపోతారు. దానివల్ల ఒరిగేది దాదాపు ఏమీ లేదు. క్లోరిన్ ముందు ఆ నెత్తురుతోనే కలిసి ఖర్చయిపోతుంది, అడుగున క్రిములు అలాగే ఉంటాయి.

అమ్మకం ముగిసిన గంటలోపే కడగాలి. తెల్లవారేదాకా ఆగితే నెత్తురు ఎండి గట్టుకు అంటుకుపోతుంది, రాత్రంతా ఎలుకలు, పందికొక్కులు తిరుగుతాయి. ముందు పొలుసులు, పేగులు పారతో గీకి మూత ఉన్న డబ్బాలోకి ఎత్తాలి. నీళ్ళు కొట్టి కాలువలోకి తోయకూడదు, జాలీలు పూడేది ఆ పొలుసులతోనే. తర్వాత చన్నీళ్ళు పోయాలి. వేడినీళ్ళయితే నెత్తురు గడ్డకట్టి గచ్చుకు పట్టేస్తుంది. సబ్బుపొడి నీళ్ళతో గట్టి బ్రష్షు పెట్టి రుద్ది, కడిగి, అప్పుడు వాడాలి బ్లీచింగ్.

అదీ పొడిగా కాదు. 10 లీటర్ల బకెట్‌కు 30 గ్రాములు కలిపి, తేరిన నీటిని గచ్చు మీదా కాలువలోనూ పోసి పావుగంట ఉంచాలి. కత్తులకు, కత్తిపీటలకు, తక్కెడ పళ్ళేలకు అన్నే నీళ్ళకు 7 గ్రాములు చాలు. పది నిమిషాలయ్యాక మంచినీళ్ళతో కడిగి తుడవాలి, లేకపోతే ఇనుము తుప్పు పడుతుంది. ఈ లెక్క 30 శాతం క్లోరిన్ ఉన్న కొత్త పొడికి. మూతి విప్పి చెమ్మలో వదిలేసిన బస్తా నెలల్లోనే బలం కోల్పోతుంది. ముక్కుకు ఘాటు తగలడం లేదంటే అది సున్నప్పొడి కిందే లెక్క. కాలువ వాసన పోవాలని బ్లీచింగ్‌లో యాసిడ్ కలిపే పని మాత్రం ఎవరూ చేయవద్దు. విషవాయువు వచ్చి కార్మికుడి ఊపిరితిత్తులు దెబ్బతింటాయి.

మాంసం కొట్టే చింతమొద్దు సంగతి ఎవరూ పట్టించుకోరు. దాని పగుళ్ళలోకి దిగిన నెత్తురు, కొవ్వు నీళ్ళు పోస్తే కదలవు. గోటితో గీకి చూడండి, నల్లటి జిగురు వస్తుంది. రోజూ ఇనుప రేకుతో పైపొర గీకి, కడిగి, కల్లుప్పు రుద్ది, గాలి తగిలేలా ఆరనివ్వాలి. తడి మొద్దు మీద గోనెపట్టా కప్పితే కుళ్ళు ఇంకా పెరుగుతుంది. లోతు పగుళ్ళు పడ్డాక పైభాగం కోయించి చదును చేయించాల్సిందే.

కనగర్తలు, కవ్వళ్ళు, తూర చేపలు ఎండలో ఉంటే వాటిలో హిస్టమిన్ అనే విషపదార్థం చేరుతుంది. ఎంత ఉడికించినా పోదు. తిన్న కాసేపటికే ముఖం ఎర్రబడి, దద్దుర్లు, తలనొప్పి వస్తాయి. ఎండాకాలంలో కిలో చేపకు కిలో ఐస్ ఉండాలి, ఆ ఐస్ తాగే నీటితో చేసినదై ఉండాలి. దిమ్మను రోడ్డు మీద ఈడ్చి మురికి గోనెలో పగలగొడితే మంచినీటి ఐస్ కూడా పాడైనట్టే. కరిగిన నీరు దిగిపోయేలా పెట్టె అడుగున చిల్లులు ఉండాలి.

ఈగ గుడ్డు నుంచి మళ్ళీ ఈగ కావడానికి మన వేడికి వారం, పది రోజులు చాలు. కోడి వ్యర్థాలు ఏ రోజువి ఆ రోజే ఎత్తేస్తే అక్కడ ఈగలు పుట్టవు.

ఇదంతా గంప పెట్టుకుని అమ్మే ఆడవాళ్ళ మీదకు నెట్టడం అన్యాయం. బుట్టకింత, బల్లకింత అని వాళ్ళ దగ్గర రోజూ ఆశీలు (మార్కెట్ రుసుము) వసూలు చేస్తున్నారు. బదులుగా చాలాచోట్ల వరుసకో కుళాయి కూడా లేదు. మరుగుదొడ్డి లేక పొద్దుటి నుంచి మంచినీళ్ళు తాగకుండా కూర్చుని, మూత్రంలో మంట తెచ్చుకుంటున్నారు. ఆశీలు వసూలు హక్కుకు జరిగే వేలం పాట షరతుల్లోనే వరుసకో కుళాయి, మధ్యాహ్నం కడుగుడు, రోజూ జాలీ శుభ్రం, నీళ్ళున్న మరుగుదొడ్డి చేర్చాలి. కడగని రోజుకు పాటదారు డిపాజిట్‌లో కోత పడాలి. వచ్చే ఏడాది పాట నోటీసు వెలువడేలోపే కమిషనర్లు, కౌన్సిళ్ళు ఈ షరతులు రాయించాలని కోరుతున్నాను.

– ఒక విశ్రాంత శానిటరీ ఇన్‌స్పెక్టర్, కాకినాడ