న్యూగ్రేంజ్‌కు లేని చుక్కలు అంటగట్టకండి

సంపాదకులకు నమస్కారం.

మొన్నామధ్య మీ ఆదివారం అనుబంధంలో ఐర్లండ్ ప్రాచీన సమాధుల మీద వచ్చిన వ్యాసాన్ని మా నాన్న మక్తల్ నుంచి ఫొటో తీసి వాట్సాప్‌లో పంపించారు. "నువ్వుండేకాడ గూడ మన నిలువురాళ్ళ లాంటియి ఉన్నయంట గదరా, చుక్కలకు గురిపెట్టి కట్టిండ్రంట, నిజమేనా?" అని అడిగారు. నేను పదకొండేళ్లుగా మీథ్ కౌంటీలోని నావన్‌లో ఉంటున్నాను. ఆ సమాధుల్లో పేరున్న న్యూగ్రేంజ్ మా ఇంటి నుంచి కారులో అరగంట. అయినా ఆయనకు ఔనని చెప్పలేకపోయాను. రెండు వారాలుగా అదే మనసులో మెదులుతుంటే ఈ ఉత్తరం రాస్తున్నాను.

మీ వ్యాసం న్యూగ్రేంజ్, లాఫ్‌క్రూ, టారా కొండలను ఒకే గాటన కట్టి, అన్నీ నక్షత్రాల లెక్కతో కట్టినవేనని తేల్చేసింది. ఏది రుజువైందో, ఏది ఎవరి ఊహో ఎక్కడా చెప్పలేదు.

రుజువైంది సూర్యుడి సంగతి. న్యూగ్రేంజ్‌ను క్రీ.పూ. 3200 ప్రాంతంలో కట్టారు. గీజా పిరమిడ్లకంటే పాతది. లోపలికి వెళ్లే రాతిదారి 19 మీటర్లు. అది పోనుపోను ఎత్తు పెరుగుతుంది కాబట్టి వాకిట్లోంచి వచ్చే వెలుగు గర్భగృహం దాకా చేరదు. అందుకని వాకిలి పైన వేరే ఒక రాతి గూడు కట్టారు. ఆ గూడు మట్టమూ లోపలి గది నేలమట్టమూ ఒకటే. డిసెంబరు 21 ప్రాంతంలో పొద్దు పొడవగానే వెలుగు ఆ గూటిలోంచి దూరి గది నేల మీద 17 నిమిషాలు నిలుస్తుంది. అక్కడ తవ్వకాలు జరిపిన ప్రొఫెసర్ మైఖేల్ ఓకెల్లీ 1967 డిసెంబరులో దాన్ని కళ్ళారా చూశారు. స్థానికులు తరతరాలుగా చెప్పుకుంటూ వచ్చిన మాటను పట్టుకునే ఆయన ఆ తెల్లవారుజామున లోపల కూర్చున్నారు. ఊరివాళ్ల మాటను కొట్టిపారేయకుండా వెళ్లి పరీక్షించి చూడటమంటే అదీ.

ఆ వేకువన లోపల నిలబడే అవకాశం లాటరీ తగిలిన కొద్దిమందికే. మాకు ఎన్నిసార్లు వేసినా తగల్లేదు. మామూలు రోజుల్లో గైడు లైట్లన్నీ ఆర్పి, ఒక బల్బుతో ఆ వెలుగును చూపిస్తారు. పోయిన వేసవిలో మా పాపను తీసుకెళ్లాను. దారి ఇరుకైన చోట వంగి, పక్కకు తిరిగి నడవాలి. చీకటి కాగానే పాప నా వేలు గట్టిగా పట్టుకుంది. నేల మీద సన్నటి నారింజ చార మెల్లగా పాకుతూ వచ్చి ఆగింది. పాప తన బూటు కొనను అందులోకి జరిపి చూసుకుంది, ఒక్క మాటా మాట్లాడలేదు. ఇంతటి దానికి మళ్ళీ కట్టుకథల అలంకారం దేనికండీ?

చుక్కల విషయం అంత తేలిక కాదు. మన తెలుగువాళ్లకు దీన్ని వేరే వివరించనక్కర్లేదు. సూర్యుడు ఉత్తరానికి మళ్లేది డిసెంబరు 21, 22 తేదీల్లో. మనం సంక్రాంతి చేసుకునేది జనవరి 14, 15న. ఈ మూడు వారాల పైచిలుకు తేడా అయనచలనం, అంటే భూమి అక్షం బొంగరంలా మెల్లగా దిక్కు మార్చుకోవడం, తెచ్చిపెట్టినదే. దాని మూలంగా నక్షత్రాలు ఉదయించే చోట్లు శతాబ్దాల మీద జరిగిపోతూ ఉంటాయి. ఐదు వేల ఏళ్లలో చాలా దూరం జరుగుతాయి. కట్టిన కాలాన్ని వందేళ్లు ఇటో అటో జరిపితే ఏ రాతికైనా ఏదో ఒక చుక్క దొరుకుతుంది. సూర్యుడు మళ్లే చోటు అంతగా కదలదు. కట్టిన రోజుల్లో సూర్యోదయంతోనే లోపలికి వెళ్లిన వెలుగు ఇప్పుడు నాలుగు నిమిషాలు ఆలస్యంగా వెళ్తోంది, అంతే. భూమి అక్షం వంపు కాస్త తగ్గడమే దానికి కారణం.

నాకూ చుక్కల మీద ప్రేమే. మనం పాలపుంత అనేదాన్ని ఐరిష్ భాషలో తెల్లావు దారి అంటారు. న్యూగ్రేంజ్ పక్కన పారే బోయిన్ నది పేరుకూ తెల్లావు అనే అర్థం చెబుతారు. నేలకూ నింగికీ ఒకే పేరు పెట్టుకున్న జనం చుక్కలను చూడలేదని నేననను. కానీ పేరు పేరే, కొలత కొలతే.

అసలు మీరు రాయవలసింది ఇక్కడి ప్రభుత్వం ఏం చేసిందో. ఐర్లండ్ పాత రాజుల పీఠమని చెప్పే టారా కొండ పక్క లోయలోంచి ఎం3 మోటార్‌వే వేస్తుండగా 2007లో లిస్‌మల్లిన్ దగ్గర ఇనుప యుగం నాటి కొయ్య స్తంభాల వలయం బయటపడింది. సుమారు 80 మీటర్ల అడ్డుకొలత. దాని ప్రవేశమార్గం కృత్తికలు ఉదయించే దిక్కుకు ఉందని తర్వాత కొలిచినవారు ప్రతిపాదించారు. మనం కార్తీకానికి పేరు తీసుకున్న ఆ కృత్తికలే! నిజమో కాదో ఇప్పుడు అక్కడికి వెళ్లి చూసేందుకు ఏమీ మిగల్లేదు. జాతీయ స్మారకమని ప్రకటించారు, తవ్వి కొలతలు రాసుకున్నారు, పైన రోడ్డు వేసేశారు. పాత కట్టడాలను కాపాడే అంతర్జాతీయ సంస్థ ప్రపంచ స్మారకాల నిధి (వరల్డ్ మాన్యుమెంట్స్ ఫండ్) 2008లో టారాను ప్రమాదంలో ఉన్న వంద చోట్ల జాబితాలో పెట్టినా పని ఆగలేదు. 2010లో రోడ్డు తెరిచారు. నేను రోజూ టోలు కట్టి దాని మీదుగానే ఆఫీసుకు వెళ్తాను. అక్కడికి వచ్చేసరికి ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

ఆకాశం గతీ అంతే. ఐర్లండ్‌లో చీకటి ఆకాశానికి గుర్తింపు పొందిన కెర్రీ, మేయో రెండూ పడమటి తీరంలోనే ఉన్నాయి. న్యూగ్రేంజ్ ఉన్న తూర్పు వైపు రాత్రి చూస్తే దక్షిణాన డబ్లిన్ వెలుగు మబ్బుల కింద పసుప్పచ్చగా పరుచుకుని ఉంటుంది. ఏ దేశంలోనైనా అధికారులకు రాయి చుట్టూ కంచె వేస్తే పని అయిపోయినట్టే. ఆ రాయి ఏ దిక్కుకు చూస్తోందో, ఆ దిక్కున ఏం కడుతున్నారో పట్టదు.

మన ముడుమాల్ నిలువురాళ్లు 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాకెక్కాయి. అక్కడా రాళ్ల వరుసలు సూర్యుడి మలుపులకు సరిపోతాయంటున్నారు, ఒక రాతి మీద సప్తర్షి మండలం గుంటలుగా చెక్కి ఉందంటున్నారు. నారాయణపేట జిల్లా అధికారులను నేను కోరేది ఒకటే: ఫ్లడ్‌లైట్లు, హోటళ్లు, సెల్ టవర్లు రాకముందే తూర్పు పడమర దిక్కుల అంచులు ఎంత దూరం ఖాళీగా ఉండాలో కొలిపించి, కాగితం మీద పెట్టించండి.

మా నాన్నకు ఫోన్లో చెప్పాను, ఈ డిసెంబరు 21న చీకటుండగానే ముడుమాల్ పోయి, పొద్దు ఏ రాళ్ల మధ్య పొడుస్తుందో చూసి ఫొటో తీయమని. పోతానన్నారు. మీ విలేఖరిని కూడా ఆ పూట అక్కడికి పంపించండి.

ఇట్లు,
మీ పాఠకుడు,
నావన్, ఐర్లండ్