పాత కంప్యూటర్ల సౌండ్ కార్డుల రిపేరు గురించి మా కస్టమర్లకు మనవి

నల్లగొండ గడియారం సెంటర్ దగ్గరి మా దుకాణంలో పాత కంప్యూటర్లు అప్పగించి, సౌండు రావడం లేదు కాబట్టి కార్డు మార్చేయమని చెప్పి వెళ్లిన వారందరికీ నమస్కారం. ఆలస్యమెందుకని ఫోనులో అడుగుతున్న వారికి ముక్కలు ముక్కలుగా చెప్పడం కంటే ఇక్కడ వివరంగా రాయడం మేలనిపించింది. ఈ కార్డుల్లో చాలావరకు పాడైనవి కావు, అందుకే పరీక్షించకుండా మార్చడానికి నేను ఒప్పుకోను.

నకిరేకల్ నుంచి ఒక విశ్రాంత ఉపాధ్యాయులు తెచ్చిన పెంటియం మిషన్‌నే తీసుకోండి. అందులో ఉన్నది 1992లో మార్కెట్లోకి వచ్చిన సౌండ్ బ్లాస్టర్ 16 రకం ఐఎస్‌ఏ కార్డు, అంటే మదర్‌బోర్డు మీది పాతతరహా స్లాటులో దిగే కార్డు. డాస్ (విండోస్‌కు ముందటి వ్యవస్థ) గేమ్ పెడితే సంగీతం చక్కగా వినిపిస్తున్నది గానీ, మాటలు రావలసిన చోట మొదటి అక్షరమే మళ్లీ మళ్లీ మోగి ఆగిపోతున్నది. ఆ సంగీతాన్ని కార్డు మీది యమహా ఓపీఎల్3 చిప్ స్వయంగా పుట్టిస్తుంది. మాటలకు మాత్రం డీఎంఏ ద్వారా, అంటే ప్రాసెసర్ మోయకుండా నేరుగా మెమరీ నుంచి, డేటా అందాలి, ఒక ముక్క అయిపోగానే ఐఆర్‌క్యూ ద్వారా, అంటే కార్డుకు కేటాయించిన నంబరున్న సంకేతపు దారిలో, ప్రాసెసర్‌కు కబురు వెళ్లాలి. ఆ కబురు అందకపోతే మొదటి ముక్కే తిరుగుతుంది. అంటే కార్డు బతికే ఉంది, దాని దారి మూసుకుపోయింది.

బూట్ అయ్యేటప్పుడు కనిపించే పట్టికను చూస్తే, సౌండ్ కార్డుకు పెట్టిన ఐఆర్‌క్యూ 5ను పీసీఐ అనే కొత్తరకం స్లాటులోని నెట్‌వర్క్ కార్డు తీసుకున్నట్టు తేలింది. దానికి మూలం మదర్‌బోర్డు మీది సీఆర్2032 బ్యాటరీ: మూడు వోల్టులు ఉండవలసిన చోట మీటరు రెండు కూడా చూపలేదు. కరెంటు పోయినప్పుడల్లా బయోస్ (మిషన్ ఆన్ చేయగానే మొదట నడిచే ప్రోగ్రాం) సెట్టింగులు చెరిగిపోయి, ఆ నంబరు పాత ఐఎస్‌ఏ కార్డుకే కేటాయించాలన్న ఆదేశమూ పోతున్నది. బ్యాటరీ మార్చి, బయోస్‌లో ఐఆర్‌క్యూ 5ను లెగసీ ఐఎస్‌ఏకు కేటాయించాక మాటలు వచ్చాయి. కొత్త కార్డు వేసి ఉంటే, డబ్బులు పోయి అదే గోల మిగిలేది.

సంగీతమూ మాటలూ రెండూ వస్తూ, వెనక గుయ్యిమనే శబ్దం ఉంటే అది వేరే సంగతి. అక్కడ ఎండిపోయిన కెపాసిటర్లను (కరెంటును నిలకడగా ఉంచే చిన్న భాగాలను) అనుమానించాలి. వాటిని విప్పి కొత్తవి అతకడం నిదానంగా చేయవలసిన పని, తొందరపడితే బోర్డు మీది రాగి గీత లేచిపోతుంది. చిప్పే కాలిపోతే నిర్మొహమాటంగా చెప్పేస్తాను. సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ల బజారు చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో వెతికినా ఇలాంటి కార్డు దొరుకుతుందని మాట ఇవ్వలేను, దొరికినా అది పాతదే అయి ఉంటుంది.

ఇకమీదట పరీక్షకు 300 రూపాయలు ముందుగా తీసుకుంటాను. రిపేరు చేయిస్తే అది బిల్లులో తగ్గుతుంది. మిషన్ తెచ్చేటప్పుడు పాత డ్రైవర్ ఫ్లాపీలు ఉంటే వెంట తీసుకురండి, కార్డును మాత్రం ఇంట్లో పీకి విడిగా తేవద్దు, ఎందుకంటే అది ఏ కార్డుతో తగువు పడుతున్నదో మొత్తం మిషన్ ముందుంటేనే తెలుస్తుంది.