ఆ పాప గాంధారం తప్పు కాదు

సంపాదకులకు,

మా ఊళ్లో 31 ఏళ్లుగా పిల్లలకు వీణ, పాట నేర్పుతున్నాను. పోయిన నెల నా దగ్గర నేర్చుకుంటున్న పదకొండేళ్ల పాప ఒక పోటీలో మలహరి రాగంలో గీతం పాడింది. శ్రుతికి కీబోర్డు పెట్టారు. ‘గాంధారం దిగింది’, అంటే సరిగమల్లోని గ ఉండాల్సిన చోటుకన్నా కిందికి పలికింది అని మార్కులు తగ్గించారు. మర్నాడు క్లాసుకు వచ్చి, పుస్తకం కూడా తెరవకుండా, ‘టీచర్, నా గ తప్పా?’ అని అడిగింది. తప్పు కాదు. ఆ మాట నలుగురిలో చెప్పాలనే ఈ ఉత్తరం.

తంబురా తీగల కింద దారం చక్కగా అమర్చి మంద్ర షడ్జమం, అంటే కింది స, మీటండి. కాసేపు వింటే ఆ నాదంలోంచే అంతర గాంధారం, అంటే మలహరిలో పాడే గ, దానంతటదే పలుకుతుంది. ఒక స్థాయిని, అంటే స నుంచి పై స దాకా ఉన్న దూరాన్ని, 1200 సెంట్లుగా లెక్కవేస్తే అది 386 దగ్గర ఉంటుంది. కీబోర్డులో 400. పాప రోజూ తంబురా పక్కన కూర్చుని నేర్చుకుంది కాబట్టి తంబురా చెప్పిన చోటే నిలిచింది.

14 సెంట్లే కదా అంటారేమో. వీణలో మేరువు నుంచి గుర్రం దాకా, అంటే మీటితే మోగే మేర, తీగ 80 సెంటీమీటర్లు అనుకుంటే, ఈ గాంధారం పలికే నాలుగో మెట్టు అర సెంటీమీటరు పక్కకు జరిగినట్టు. మేళం కట్టేటప్పుడు, అంటే మెట్లను మైనంలో అమర్చేటప్పుడు, ఆ మైనం మెత్తబరిచి ఆ మెట్టును వెంట్రుకవాసి అటూ ఇటూ జరిపి చూస్తాం. అలాంటి చోట అర సెంటీమీటరు అంటే చాలా దూరం.

కీబోర్డుదీ తప్పు కాదు. షడ్జమం నుంచి పంచమం (ప), దాని నుంచి మళ్లీ పంచమం, ఇలా 12 సార్లు ఎక్కితే ఏడు స్థాయిల పైనున్న షడ్జమం రావాలి. రాదు, సుమారు 23 సెంట్లు మించిపోతుంది. ఆ మిగులును అన్ని పంచమాలకూ సమానంగా పంచి కీబోర్డు సర్దుకుంటుంది. ఆ సర్దుబాటు తర్వాత కూడా కీబోర్డు గాంధారం తంబురా చెప్పిన చోటుకన్నా పైనే ఉంటుంది. హార్మోనియందీ ఇదే సంగతి. ఆలిండియా రేడియో 1940లో దాన్ని పక్కన పెట్టడానికి ఇదీ ఒక కారణం. 1971 దాకా ఆ నిషేధం నడిచింది. నిషేధాలు నేను కోరను. కీబోర్డుతో సినిమా పాటలు నేనూ ఇష్టంగా వింటాను.

పోటీలు పెట్టేవారికి నా మనవి ఒక్కటే. కర్ణాటక సంగీతం పాడే పిల్లలకు తంబురా శ్రుతి ఇవ్వండి. చెక్క తంబురా దొరక్కపోతే ఎలక్ట్రానిక్ పెట్టె చాలు. మార్కులు వేసేవారు కూడా దాని పక్కనే కూర్చోవాలి.

– ఒక వీణ టీచరు, విజయనగరం