తొలి మెట్టు తొలగిస్తే నిపుణులు ఎక్కడి నుంచి వస్తారు?

సంపాదకులకు నమస్కారం.

యంత్రాలు ఉద్యోగాలను మింగేస్తాయా అన్న చర్చలో అసలు మార్పు మరుగున పడుతోంది. అంకెల ఆదేశాలతో నడిచే మిల్లింగ్ యంత్రాన్ని అమెరికాలో 1952లో ప్రదర్శించిన నాటి నుంచి, చేత్తో పిడి తిప్పుతూ, మైక్రోమీటరుతో కొలుచుకుంటూ లోహాన్ని చెక్కే పనివారి స్థానాన్ని క్రమంగా ప్రోగ్రాము ఆక్రమించింది. అయినా కోత శబ్దంలోని తేడాను బట్టి పనిముట్టు అరిగిందని పసిగట్టగలిగే అనుభవానికి నేటికీ విలువ తగ్గలేదు. ఆ అనుభవం చిన్న చిన్న పనులు చేస్తూ ఉంటేనే అబ్బుతుంది. లెక్కల సరిచూపు, ప్రాథమిక డ్రాయింగు, తేలికపాటి కోడింగు వంటి ఆ తొలి మెట్టు పనులనే ఇప్పుడు సాఫ్ట్‌వేర్‌కు అప్పగిస్తున్నారు. ఇది నన్ను తీవ్రంగా కలవరపెడుతోంది. ఆటోమేషన్ వల్ల ఆదా అయిన సొమ్ములో కొంత భాగాన్ని వేతనంతో కూడిన అప్రెంటిస్ శిక్షణకు కేటాయించేలా యజమానులకు ప్రభుత్వాలు నిబంధన విధించాలి.

ఇట్లు,
ఒక వృత్తి విద్యా బోధకుడు