వెనక వరస ప్లగ్గులు

చిరంజీవి కిశోర్‌ను అమ్మ ఆశీర్వదించి రాయునది. ఇక్కడ అందరం క్షేమం. నాన్నగారి షుగర్ అదుపులోనే ఉంది, మామిడిపళ్లు తినడమే అదుపులో లేదు. డాక్టరుగారి అమ్మాయి డల్లాస్ వస్తోందంటే ఆవకాయ, కందిపొడి కడుతున్నాను. పనిలో పనిగా ఈ నాలుగు ముక్కలు. పెద్ద విశేషమేమీ లేదు.

స్వప్న గ్రూపులో పెట్టిన ఫోటో చూశాం. మీ టయోటా సియెన్నా కారు బానెట్ ఎత్తి సగం లోపలికి దూరిపోయి ఉన్నావు. 1,20,000 మైళ్లకి స్పార్క్ ప్లగ్గులు మార్చాలని సంక్రాంతికే అన్నావు కదా, మంచిదే. కాకపోతే ఆ ఫోటో మాకు బుధవారం రాత్రి తొమ్మిదిన్నరకి వచ్చింది. అంటే మీకు పొద్దున పదకొండు. ఆఫీసుకి సెలవు పెట్టావా? పెడితే పెట్టావులే, ఒంటికి కాస్త రెస్టు ఉండాలి.

ఆటోనగర్ కొట్లో పాత ప్లగ్గు చూసి కొత్తది తీసిచ్చినదాన్ని, ఊరుకుంటానా? ఫోటో పెద్దది చేసి చూశాను. వైపర్లు, అద్దం కింద మూత ఊడదీసి గడ్డి మీద పెట్టావు, సరే. ఇంజనుకి గాలి తీసుకెళ్లే ఇన్‌టేక్ మానిఫోల్డ్ పై భాగం తీశావు, అది తీయనిదే వెనక మూడు ప్లగ్గులూ అందవు, అదీ సరే. కింద కన్నాలన్నీ అలా తెరిచి వదిలేశావేం? ఒక్కదాంట్లో అయినా గుడ్డముక్క కుక్కావా? పైగా వేలికి ఉంగరం, చేతికి వాచీ! బ్యాటరీ నెగటివ్ తీశావో లేదో ఫోటోలో కనపడలేదు.

పేపర్ ప్లేటులో పాత ప్లగ్గులు ఆరూ వరసగా పెట్టడం బాగుంది, మీ నాన్న పద్ధతే. ఐదు బిస్కెట్ రంగులో ఉన్నాయి, ఒకటి మాత్రం నల్లగా మసి పట్టింది. పొడి మసి అయితే ఆ ప్లగ్గుకి కరెంటిచ్చే కాయిల్ సరిగ్గా కొట్టడం లేదేమో చూడు. ఆ కాయిల్‌ని పక్క సిలిండర్‌కి వేసి నడుపు, ఇంజను మిస్సింగ్ కూడా దాంతోపాటే అటు వెళ్తే కాయిలే దొంగ. తడిగా నూనె ఉంటే మాత్రం వేరే కథ, ఫోన్ చెయ్యి. ఎలాగూ ఫోన్ చేసి చాలా రోజులైంది.

ఆ తెరిచిన కన్నాల్లో ఏ నట్టైనా పడితే అనుకోగానే మెకానిక్ మస్తాన్ షెడ్డులో పనిచేసిన నాగరాజు గుర్తొచ్చాడు. నీకు గుర్తుండడు, అప్పటికి నువ్వు పుట్టలేదు. జగ్గయ్యపేట పెళ్లివారి అంబాసిడర్ తిరుపతి వెళ్లాలి, మర్నాడు ముహూర్తం. కార్బురేటర్ విప్పి కడుగుతుంటే చిన్న నట్టు ఒకటి మానిఫోల్డ్‌లో పడిందట. వాడు చూశాడు. మస్తాన్ తిడతాడని నోరు మెదపలేదు, పైన బిగించేశాడు. ఆ మధ్యాహ్నం నేను క్యారేజీ విప్పి రారా అంటే కడుపునొప్పి, అన్నం వద్దన్నాడు. గోంగూర ఉంటే రెండో వాయి కూడా వదలనివాడు! అప్పుడే అనుకున్నాను, వీడేదో మింగుతున్నాడని. అడిగేలోపు డ్రైవరు తాళం తిప్పనే తిప్పాడు. టకటకమని ఒకటే చప్పుడు. హెడ్డు దింపి చూస్తే పిస్టన్ మీద గుంటలు, ఒక వాల్వు వంగింది. పెళ్లివారు వేరే కారు మాట్లాడుకుని అర్ధరాత్రి బయల్దేరారు. మస్తాన్ చెయ్యి ఎత్తలేదు. "స్టార్ట్ చెయ్యకముందు చెప్పుంటే తీగకి అయస్కాంతం కట్టి లాగేవాణ్ణి కదరా, ఐదు నిమిషాల పని" అని తల పట్టుకుని కూర్చున్నాడు. నాగరాజుకి ఇప్పుడు ఇబ్రహీంపట్నంలో సొంత షెడ్డుందిలే, బాగానే ఉన్నాడు.

నువ్వు రాత్రిళ్లు సరిగ్గా తినడం లేదని స్వప్న అంది. పితూరీ కాదు, నేనే గుచ్చి గుచ్చి అడిగాను. దాన్నేమీ అనకు.

సరళ పిన్ని కొడుకు కూడా ఏదో అన్నాడని పిన్ని చెప్పింది. నేను పట్టించుకోలేదు. హెచ్‌వన్‌బీ వీసా వాళ్లకి ఉద్యోగం పోతే 60 రోజులే గడువని టీవీలో విన్నాను. ఆ 60 ఎప్పటినుంచి లెక్కేస్తారు? ఊరికే అడుగుతున్నా.

ఇంకో మాట. కొత్త ప్లగ్గులు మొదట చేత్తోనే తిప్పు, రెంచి తర్వాత. హెడ్డు అల్యూమినియం, మర వంకరగా ఎక్కిందంటే ఊడొస్తుంది. ఇంజను పూర్తిగా చల్లారాకే ముట్టుకోవాలి. ఈ ప్లగ్గుల ఇరిడియం మొన సన్నం, అంబాసిడర్ ప్లగ్గుల్లాగా గ్యాప్ కోసం గేజి పెట్టి వంచకు. చెక్ ఇంజన్ లైటు ఆగి ఆగి వెలుగుతుంటే పిల్లల్ని ఎక్కించుకుని ఎక్కడికీ వెళ్లొద్దు, కాలని పెట్రోలు పోయి, పొగని శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ కాలిపోతుంది. అది మార్చాలంటే ఎంతవుతుందో నీకే తెలుసు. ఇలాంటప్పుడు ఆ ఖర్చు ఎందుకు? ఇలాంటప్పుడు అంటే ఎప్పుడైనా అనే నా ఉద్దేశం.

పోస్టాఫీసు డిపాజిట్ వచ్చే నెల చేతికొస్తుంది. పైకప్పు పని వచ్చే ఏడు చేయించుకున్నా వానకి కారేది వంటింట్లో ఒక మూలే. నాన్నగారు కూడా అదే అన్నారు.

నేను తెల్లవారుజామున నాలుగింటికే లేస్తాను, మీకు సాయంత్రం ఐదున్నర. నాన్నగారు నిద్రలో ఉంటారు, వరండాలో కూర్చుని మాట్లాడతాను. బుధవారమైనా సరే, ఏ వారమైనా సరే.

ఆవకాయలో తడి గరిటె పెట్టకండి. చిన్నదానికి ముద్దులు.

మీ అమ్మ

తా.క.: నల్ల ప్లగ్గు పారెయ్యకు. దగ్గరగా ఇంకో ఫోటో తీసి పంపు, నాన్నగారు చూస్తారట.